దూప

ఊరికి నీళ్లిడిసే పని నాది.
పొద్దుగాల అయిదింటికి వాల్వు తిప్పుత.
కింది వాడకు ముప్పావు గంట,
బడెనక బజారుకు అర్ధగంట.
ట్యాంకు కంటె ముందుగాల
తిట్లతోనే నిండుత నేను.

అసొంటి నా ఇంట్ల
నీళ్లెక్కువై సచ్చిపోయింది ఒక చెట్టు.

చండూరు సంతల కొన్న.
నూటయాభై చెప్పి నూటికిచ్చిండు.
ఏనుగు పిల్ల కాలు లెక్క మొదలు,
మీద నాలుగాకులు, ఒక్కటంటే ఒక్క పువ్వు,
గద్వాల చీరె తీరు
నడుమ తెలుపు, అంచు ముదురెరుపు.
అడీనియం అన్నడు, నాకు నోరు తిరగలే.
మా కౌసల్య 'బొద్దుకాళ్లది' అన్నది.
ఆ పేరే నిలిచింది.

పొద్దున ఒక చెంబు, మాపున ఒక చెంబు.
ఎవ్వల వంతు అని సూడకుండ
కొలత లేకుండ పోసుడంటే
నాకెంత సంబురమో ఎవలికెరుక?
ఇరవై దినాలకు ఆకులు పసుపెక్కినయి.
దూపైతున్నదేమో అని ఇంకో చెంబు.
ఒకనాడు మొదలు పట్టుకుంటే
మాగిన సీతాఫలంల దిగినట్టు
ఏలు లోపలికి దిగింది.
రెండు దినాలు ఆ వాసన చేతికే ఉన్నది.

గాజుల జానీబీ నవ్వలే.
ఆమె అరుగు మీద కోసిన నూనె డబ్బాలల్ల
పన్నెండు బొద్దుకాళ్లు, అన్నీ పూసినయి.
"నీళ్లు గాదు బేటా, దానికి దూప గావాలె.
మన్ను ఎండాలె. ఎండినంక ఇంకో నాలుగొద్దులు ఆగాలె.
కడుపు ఒత్తి సూడు.
రాయి లెక్కుంటే నిండున్నట్టు,
బుగ్గ లెక్క మెత్తగైతే అప్పుడు పొయ్యి."
గింజ నుంచి లేపిన మూడేండ్ల పిల్లనిచ్చింది.
పైసలు తీస్కోలే.
"శుక్రారం మా గల్లీకి పది నిమిషాలు ఎక్కువిడువు" అన్నది.
ఇడిసిన్నా లేదా, మీకెందుకు.

వాగు ఇసుక రెండు తట్టలు, ఎర్రమన్ను ఒక తట్ట,
మాగిన మేకపెంట పిడికెడు,
అడుగున పగిలిన కుండ పెంకులు.
శివరాత్రి దాటినంక కొమ్మలు కోస్తే
తెల్లగ పాలు కారుతయి.
మేకలు గూడ మూతి పెట్టని పాలు.
కోసినకాడ ఇంత పసుపద్ది
చేతులు రెండుసార్లు కడుక్కుంట.
వాన మొగులు పడితే ఊరంత బయటికొచ్చి పైకి సూస్తది,
నేను కుండి ఎత్తుకొని సూరు కిందికి ఉరుకుత.

ఈదమ్మ చిన్నమ్మ వచ్చి కూసుంటది దాని పక్కన.
పాత బోరు నీళ్లు తాగి తాగి
బొక్కలు బిగుసుకొని వంగిపోయిన మనిషి.
ఆ వంకర మొదలు నిమిరి
"ఇది నా లెక్కనే ఉన్నదిర" అంటది.
కొంచెం సేపాగి,
"గని పూసింది."

పోయిన ఎండకాలం మోటారు కాలింది.
తొమ్మిది దినాలు నల్ల రాలే.
బిందెలు పట్టుకొని నా ఇంటి మీదికొచ్చిన్రు.
వచ్చినోళ్లు వాకిట్లనే ఆగిన్రు.
కుండినిండ పువ్వులు, ఆకు కనవడకుండ.
"ఊరిని ఎండగొట్టి దీనికి పోస్తున్నవా?"
ఏం చెప్పాలె?
పదమూడు దినాలాయె దానికి సుక్క పోయక.
సోమన్న కొడుకు రమేషు మాట్లాడకుండ వంగి
మన్నుల ఏలు పెట్టిండు, మణికట్టు దాక.
తీస్తే సుడసుడ ఇసుక.
చెయ్యి దులుపుకొని అందరికీ సూపెట్టిండు.
ఒక్కొక్క బిందె ఎనుకకు తిరిగింది.
ఒక పోరి మాత్రం రాలిన పువ్వు ఏరుకొని
ఒట్టి బిందెల ఏసుకొని పోయింది.

పదోనాడు మోటారు బాగైంది.
అర్ధరాత్రి దాక వాల్వుల కాడనే ఉన్న.
అందరికందినంక ఇంటికొచ్చి
సెల్ఫోను ఎలుగుల దాని కడుపు ఒత్తి సూసిన.
బుగ్గ లెక్క మెత్తగ.

ఒక్క గిలాస.
కొలిచి పోసిన.